దజైఫు తెన్‌మాన్‌గూ: ఎగిరొచ్చిన ఉమె చెట్టు ఉన్న గుడికి ఫిబ్రవరిలో వెళ్ళాలంటే?

బెజవాడ_బాటసారి:

ఫిబ్రవరి ఆఖరి వారంలో అమ్మానాన్నలతో ఫుకుఓకా వెళ్తున్నాం. తమ్ముడు అక్కడే చదువుకుంటున్నాడు. మాకు ఒక పూర్తి రోజు ఖాళీ ఉంది. ఆ రోజు దజైఫు తెన్‌మాన్‌గూ చూడాలని అనుకుంటున్నాం. యజమాని వెంట పాత రాజధాని క్యోతో నుంచి ఒక ఉమె చెట్టు (చలికాలం ఆఖర్లో పూసే, ప్లమ్ లాంటి చెట్టు) ఎగిరి వచ్చిందన్న కథ విన్నప్పటి నుంచి అమ్మకు ఆ చెట్టు చూడాలని ఉంది.

తెలియాల్సినవి ఇవి. ఫుకుఓకాలోని పెద్ద స్టేషన్ హకత నుంచి ఎలా వెళ్ళాలి? ఆ సమయానికి పూలు ఉంటాయా? అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఫర్లాంగు నడిస్తే కాసేపు కూర్చోవాలి. వంతెనలు, మెట్లు ఎన్ని ఉంటాయి? మేం శాకాహారులం, అక్కడ ఏం తినొచ్చు? గుడి ఒక్కటే చూసి వస్తే సరిపోతుందా, కథకు సంబంధించినవి చుట్టుపక్కల ఇంకేమైనా ఉన్నాయా?

---

హకత_దారి:

ముందు ప్రయాణం సంగతి. రెండు దారులున్నాయి. మీ అమ్మగారి మోకాళ్ళను దృష్టిలో పెట్టుకుంటే బస్సు మేలు.

హకత బస్ టెర్మినల్ కింది అంతస్తు నుంచి 'తబితో' అనే బస్సు దజైఫు స్టేషన్ దాకా నేరుగా వెళ్తుంది. మధ్యలో ఫుకుఓకా విమానాశ్రయం అంతర్జాతీయ టెర్మినల్ దగ్గర ఆగుతుంది. సుమారు 40–45 నిమిషాలు పడుతుంది, ఛార్జీ 700 యెన్ల చుట్టుపక్కల. మెట్లు ఎక్కి దిగే పని లేదు, రైలు మారే పని లేదు. ఒకటే ఇబ్బంది. ఉమె పూల రోజుల్లో శని, ఆదివారాలు దజైఫు ఊరి లోపలి రోడ్డు ఇరుకై బస్సు నత్తనడక నడుస్తుంది. వారాంతంలో వెళ్తే మాత్రం రైలే నయం.

రైలైతే నిషితెత్సు అనే ప్రైవేటు రైల్వే వాళ్ళ తెన్‌జిన్ స్టేషన్ నుంచి ఒముత వైపు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ గానీ లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ గానీ ఎక్కండి. దీనికి అదనపు టికెట్ ఏమీ ఉండదు. సుమారు పావుగంటలో నిషితెత్సు ఫుత్సుకైచి వస్తుంది. అక్కడ దిగి దజైఫు లైన్ రైలు ఎక్కితే రెండో స్టేషనే చివరిది. మొత్తం ఛార్జీ 420 యెన్లకు అటూ ఇటూ. సుగోకా, నిమోకా, సుయికా లాంటి రైలు కార్డు ఏదైనా గేటు దగ్గర పనిచేస్తుంది. హకత నుంచి తెన్‌జిన్‌కు సబ్‌వేలో వస్తే భూగర్భ బజారులో చాలా దూరం నడవాల్సి వస్తుంది. అది తప్పించాలంటే హకత నుంచి ననకుమ లైన్‌లో యకుఇన్ దాకా వచ్చి అక్కడ నిషితెత్సు ఎక్కండి, నడక బాగా తగ్గుతుంది.

ఈ దారిలో జనం చేసే పొరపాట్లు రెండు. మొదటిది ఫుత్సుకైచిలో దిగడం మరిచిపోవడం. లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ ఆ తర్వాత చాలా దూరం ఆగదు, కురుమె దాకా పోవాల్సి వస్తుంది. రెండోది ఇంకా ఎక్కువ మందికి జరుగుతుంది. ఫుత్సుకైచి పేరుతో రెండు స్టేషన్లున్నాయి: జేఆర్ (జపాన్ రైల్వేస్) ఫుత్సుకైచి, నిషితెత్సు ఫుత్సుకైచి. ఫోన్‌లో మ్యాప్ చూస్తే హకత నుంచి జేఆర్ రైలు త్వరగా వెళ్తున్నట్టు కనిపిస్తుంది. కానీ ఆ స్టేషన్ నుంచి నిషితెత్సు స్టేషన్‌కు పది పన్నెండు నిమిషాలు వీధుల వెంట నడవాలి. జేఆర్ పాస్ చేతిలో ఉన్నవాళ్ళు ఎక్కువగా ఇందులో పడతారు.

తేదీ విషయానికొస్తే ఫిబ్రవరి 25 తప్పించండి. ప్రతి నెలా 25వ తేదీ ఈ గుడి దేవుడైన తెన్‌జిన్ రోజు, మామూలుగానే జనం ఎక్కువ. పైగా జపాన్‌లో జాతీయ విశ్వవిద్యాలయాల రెండో విడత ప్రవేశ పరీక్షలు 25నే మొదలవుతాయి. దానికి ముందు వారమంతా పిల్లలు, తల్లిదండ్రులు మొక్కుకోవడానికి వస్తూనే ఉంటారు. ఇంతా చేసి కొత్త సంవత్సరం మొదటి మూడు రోజులతో పోలిస్తే ఇది ఏమీ కాదు, అప్పుడు సుమారు 20 లక్షల మంది వస్తారు. మామూలు పనిదినం చూసుకుని ఉదయం 8:30 కల్లా గుడి దగ్గర ఉంటే ప్రశాంతంగా చూడొచ్చు. గుడి పొద్దున్నే 6:30 ప్రాంతంలో తెరుస్తారు, ప్రవేశ రుసుము లేదు. దారిలో అంగళ్ళు మాత్రం 9–10 మధ్య తెరుస్తారు. కాబట్టి ముందు గుడి చూసుకుని, తినడం, కొనడం వెనక్కి వచ్చేటప్పుడు పెట్టుకోండి.

---

శాసనాల_సంచి:

పూల గురించి ఒక మాట ముందే చెప్పాలి, లేకపోతే అమ్మగారు నిరాశపడతారు. గుడి ఆవరణలో సుమారు 200 రకాల ఉమె చెట్లు, మొత్తం 6,000 దాకా ఉన్నాయి. వీటిలో ఎగిరొచ్చిందని చెప్పే చెట్టు, తోబియుమె, అన్నిటికంటే ముందు పూస్తుంది. మామూలు ఏడాదిలో జనవరి ఆఖరుకే మొగ్గలు విచ్చుకుంటాయి, ఫిబ్రవరి మొదటి సగంలో నిండుగా ఉంటుంది. మీరు వెళ్ళే ఆఖరి వారానికి తోబియుమె రాలే దశలో ఉండొచ్చు, మిగతా వేల చెట్లు మాత్రం పూర్తిగా పూసి ఉంటాయి. చలి ఎక్కువైన ఏడాది పది రోజులు వెనక్కి జరుగుతుంది. గుడివాళ్ళు తమ సైట్‌లో పూత ఏ దశలో ఉందో పెడుతూ ఉంటారు, బయల్దేరే ముందు చూసుకోండి.

చెట్టు ఎక్కడుందంటే, ప్రధాన మందిరానికి ఎదురుగా నిలబడితే మీ కుడి చేతి వైపు, కంచె లోపల. తెల్ల పూల చెట్టు. ఎడమ చేతి వైపు కూడా కంచెలో ఇంకో ఉమె ఉంటుంది, దాన్ని మహారాణి ఉమె అంటారు. చాలామంది దాని ముందు ఫొటో దిగి వెళ్ళిపోతుంటారు. కుడివైపు చెట్టే మీ అమ్మగారు వెతుకుతున్నది.

ఇక కథ. ఇది తెలిస్తే అక్కడి ప్రతి రాయికీ అర్థం ఉంటుంది. సుగవర నో మిచిజనె 845లో పుట్టాడు. పండితుల ఇంటివాడు, చైనా భాషలో కవిత్వం చెప్పడంలో ఆ కాలంలో సాటిలేనివాడు. 899లో కుడి మంత్రి అయ్యాడు, ఆస్థానంలో ఎడమ మంత్రి తర్వాతి పదవి అది. ఎడమ మంత్రి ఫుజివర నో తోకిహిర. పుట్టుకతో పెద్ద వంశంవాడు కాని పండితుడు అంత ఎత్తుకు రావడం ఫుజివర వంశానికి గిట్టలేదు. చక్రవర్తిని దించే కుట్ర పన్నాడని నింద వేసి 901లో దజైఫుకు పంపేశారు. కాగితం మీద అది పదవే. దజైఫు అప్పుడు క్యూషూ అంతటికీ పాలనా కేంద్రం, చైనా, కొరియాల నుంచి వచ్చే రాయబారులు ముందు దిగే చోటు. కానీ మిచిజనెకు ఇచ్చింది పని లేని పదవి, ఇల్లు కదలకూడని బతుకు. 903లో అక్కడే చనిపోయాడు.

క్యోతో ఇల్లు వదిలేటప్పుడు పెరట్లో ఉమె చెట్టుతో, తూర్పు గాలి వీచినప్పుడు నీ పరిమళం పంపు, యజమాని లేడని వసంతాన్ని మరిచిపోకు అని పద్యం చెప్పాడు. పద్యం మిచిజనెదే, పాత సంకలనాల్లో ఉంది. చెట్టు ఎగరడం తర్వాతి జనం కల్పించుకున్నది. కథలో మూడు చెట్లు. చెర్రీ చెట్టు దిగులుతో ఎండిపోయింది. దేవదారు లాంటి మత్సు చెట్టు ఎగరబోయి ఇప్పటి కోబె దగ్గర నేల వాలిపోయింది. ఉమె ఒక్కటే ఒక్క రాత్రిలో దజైఫు చేరింది.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 909లో తోకిహిర చిన్న వయసులోనే పోయాడు. 923లో యువరాజు పోయాడు. 930లో రాజప్రాసాదంలో మంత్రులు కూర్చుని ఉన్న సెయిర్యోదెన్ మీద పిడుగు పడి కొందరు చచ్చిపోయారు. ఇదంతా మిచిజనె ఆత్మ ఆగ్రహమేనని రాజధాని వణికిపోయింది. పదవులు తిరిగి ఇచ్చారు, 993లో అన్నిటికంటే పెద్ద మంత్రి పదవి కూడా ఇచ్చారు, చనిపోయిన తొంభై ఏళ్ళకు. అన్యాయంగా చచ్చిపోయిన ఆడపిల్లకు ఊరు భయపడి గుడి కట్టి, ఏటా పసుపు కుంకుమలు ఇచ్చి, చివరికి ఊరిని కాపాడే పేరంటాలుగా కొలవడం మన పల్లెల్లో చూసేదే. మిచిజనె తెన్‌జిన్ దేవుడైంది అదే దారిలో. పిడుగుల దేవుడిగా మొదలై, భయం తగ్గాక, బతికున్నప్పటి పాండిత్యం గుర్తుకొచ్చి చదువుల దేవుడయ్యాడు. పరీక్షలు పాస్ చేయించే దేవుడు అని మాత్రమే అనుకుని వెళ్తే సగం కథ పోతుంది.

గుడి ఆ చోటే ఎందుకు ఉందంటే, శవాన్ని ఎద్దు బండి మీద తీసుకెళ్తుంటే ఒక చోట ఎద్దు కూర్చుండిపోయి లేవలేదట. అక్కడే పాతిపెట్టారు. వెంట వచ్చిన శిష్యుడు ఉమసకె నో యసుయుకి 905లో సమాధి దగ్గర చిన్న మందిరం కట్టాడు, 919లో పెద్దది లేచింది. అంటే ప్రధాన మందిరం మిచిజనె సమాధి మీద ఉన్నట్టు. ఇప్పుడున్న కట్టడం 1591లో ఈ ప్రాంతపు సామంతుడు కొబయకవ తకకగె కట్టించింది, పైకప్పు హినోకి చెట్టు బెరడుతో నేసింది.

---

మోకాలి_నడక:

నడక, మెట్ల సంగతి నేను చెప్తాను.

దజైఫు స్టేషన్ బయటికి వచ్చి కుడికి తిరిగితే అంగళ్ళ వీధి, చదునైన రాతి పలకల దారి, నిదానంగా నడిచినా ఐదు నిమిషాలే. వీధి చివర ఎడమకు తిరిగే మలుపులో పడుకున్న ఎద్దు కంచు బొమ్మ ఉంటుంది, ఫొటోల కోసం బారులు తీరేది దాని దగ్గరే. ఆవరణలో ఇలాంటి ఎద్దులు 11 ఉన్నాయి, కాబట్టి మొదటిదాని దగ్గరే నిలబడిపోనక్కర్లేదు. లోపలికి పోయేకొద్దీ వరుసలు తగ్గుతాయి. తల నిమిరితే చదువు వస్తుందని, మనకు ఎక్కడ నొప్పి ఉంటే ఎద్దుకు అక్కడ నిమిరి తర్వాత మన ఒంటిని తాకితే నయమవుతుందని నమ్మకం. అందుకే తలలు, ముక్కులు, మోకాళ్ళు బంగారంలా మెరుస్తూ, వీపులు నల్లగా ఉంటాయి. మీ అమ్మగారు మోకాలు నిమిరితే అక్కడ ఎవరూ వింతగా చూడరు, జపాన్ పెద్దవాళ్ళు చేసేదీ అదే.

ఆ మలుపు తర్వాత చెరువు. దాని మీద వరసగా మూడు వంతెనలు: విల్లులా వంగింది, చదునైంది, మళ్ళీ విల్లులా వంగింది. గతం, వర్తమానం, భవిష్యత్తు అని పేర్లు. మొదటిదాని మీద వెనక్కి తిరిగి చూడకూడదని, రెండోదాని మీద ఆగకూడదని, మూడోదాని మీద తొట్రుపడకూడదని చెప్తారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు కష్టం ఎక్కడంలో కాదు, దిగడంలో. వంపు ఎక్కువ, రాయి అరిగి నునుపెక్కింది, వాన పడితే మరీ జారుతుంది. ఫొటోల కోసం మధ్యలో ఆగిపోయే జనం వల్ల రెయిలింగ్ పట్టుకునే వీలు కూడా దొరకదు. అమ్మగారిని చెరువు గట్టు వెంట చదునుగా ఉన్న దారిలో తీసుకెళ్ళండి, వంతెన దాటకపోతే దర్శనం చెల్లదన్న నియమం ఏమీ లేదు. మీరు వంతెన మీదుగా వెళ్తే మధ్యలో ఉన్న చిన్న శిగషా మందిరం చూడండి. 1458 నాటిది, ఆవరణలో ప్రధాన మందిరం కంటే పాతది. అందరూ దాని పక్క నుంచే నడిచిపోతారు.

వంతెనలు దాటాక అవతల చేతులు కడుక్కునే తొట్టి, గోపుర ద్వారం, ప్రధాన మందిరం. ఇవన్నీ దగ్గర దగ్గరే, ఎత్తుపల్లాలు తక్కువ. కూర్చోవడానికి బల్లలు దొరుకుతాయి.

ఒక హెచ్చరిక. 2023 మే నుంచి ప్రధాన మందిరానికి 124 ఏళ్ళ తర్వాత పెద్ద మరమ్మతు మొదలుపెట్టారు, మూడేళ్ళ పని. 2027లో వచ్చే, మిచిజనె పోయిన 1125వ ఏటి మహోత్సవానికి సిద్ధం చేయడం కోసం. ఆ మూడేళ్ళకు దర్శనాలకని ముందు ఒక తాత్కాలిక మందిరం కట్టారు, వాస్తుశిల్పి ఫుజిమొతో సోసుకె. దాని కప్పు మీద నిజమైన చెట్లు పెంచారు, ఉమె చెట్టు ఎగిరొచ్చినట్టే అడవి ఎగిరొచ్చి కప్పు మీద వాలిందన్న ఊహతో. మీరు వెళ్ళేసరికి దర్శనం ఎక్కడ జరుగుతోందో గుడి సైట్‌లో చూసుకోండి.

గుడి తర్వాత ఓపిక ఉంటే క్యూషూ జాతీయ మ్యూజియం చూడండి. గుడి కుడివైపు నుంచి పొడవాటి ఎస్కలేటర్ కొండ లోపలికి ఎక్కిస్తుంది, ఆ పైన రంగులు మారే సొరంగంలో కదిలే నడకదారి ఉంటుంది. నడక పెద్దగా లేదు. 2005లో తెరిచారు, సోమవారం సెలవు. కథలోని దజైఫు ఎంత పెద్ద ఊరో అక్కడి వస్తువులు చూస్తే తెలుస్తుంది. లోపల వెచ్చగా ఉంటుంది, సోఫాలుంటాయి. ఫిబ్రవరి ఉదయాలు ఫుకుఓకాలో 3–5 డిగ్రీలే కాబట్టి పెద్దవాళ్ళకు ఆ గంటన్నర విశ్రాంతి బాగా పనికొస్తుంది.

---

పప్పుచారు:

తిండి గురించి. అంగళ్ళ వీధి పొడవునా ఉమెగాయె మోచి అమ్ముతారు. ఒక్కోటి 150 యెన్ల చుట్టుపక్కల. బియ్యప్పిండి, జిగురు బియ్యప్పిండి కలిపిన ముద్దలో ఎర్ర అజుకి గింజల తీపి పూర్ణం పెట్టి, ఇనప అచ్చులో కాలుస్తారు. పైన ఉమె పువ్వు ముద్ర పడుతుంది. పేరులో ఉమె ఉన్నా లోపల ఉమె పండు ఉండదు. పిండి, పప్పు, చక్కెర, ఉప్పు, అంతే. గుడ్డు, పాలు, మాంసం ఉండవు కాబట్టి నిశ్చింతగా తినొచ్చు. పెట్టె కొని గదికి తీసుకెళ్ళకండి. అచ్చులోంచి తీసిన ఐదు నిమిషాల్లో తింటే పైన కరకర, లోపల మెత్తన. చల్లారితే బంకలా సాగుతుంది. పళ్ళు కట్టించుకున్న పెద్దవాళ్ళు చిన్న ముక్కలుగా తినాలి.

దీని వెనక కూడా మిచిజనె కథే. తిండి సరిగా లేక ఇంట్లో బందీగా ఉన్న మిచిజనెకు పక్కింటి ముసలావిడ మోచిని ఉమె కొమ్మకు గుచ్చి కిటికీ సందులోంచి అందించేదట.

25వ తేదీన మాత్రమే యొమొగి ఆకు కలిపిన ఆకుపచ్చ మోచి చేస్తారు. దాని కోసమే ఆ రోజు వచ్చేవాళ్ళున్నారు. అయినా హకత_దారి గారు చెప్పింది నిజమే, పెద్దవాళ్ళతో ఆ రోజు వద్దు.

మధ్యాహ్న భోజనం దగ్గరే చిక్కు. ఉదోన్, సోబా చూడటానికి శాకాహారంలా ఉంటాయి గానీ రసం చేప ముక్కలతో కాస్తారు. రామెన్ రసం ఇక్కడ పంది ఎముకలది. మాంసం వద్దు అంటే మాంసం ముక్కలు తీసి అదే రసం పోసి ఇస్తారు. వాళ్ళ తప్పు కాదు, అడిగింది అంతే కదా. 'దాషి (ఆ చేప రసం) కూడా వద్దు' అని చెప్పాలి, చెప్తే చాలా చోట్ల చేయలేం అనే అంటారు. ఉమె ఒనిగిరి (ఉమె పెట్టిన అన్నం ముద్ద) కూడా కొన్నిట్లో చేప పొడి కలుపుతారు, వెనక కాగితం మీద కత్సువో (బొనితో చేప) అని ఉందేమో తమ్ముడి చేత చదివించండి. అన్నిటికంటే తేలిక, పొద్దున్నే పులిహోరో చపాతీలో డబ్బాలో పెట్టుకుని రావడం. గుడి లోపల కూర్చుని తినకండి, స్టేషన్ వైపు వెనక్కి వచ్చి తినండి. చెత్త డబ్బాలు దాదాపు ఉండవు, ఒక సంచి ఉంచుకోండి. మోచి మాత్రం కొన్న అంగడి ముందే నిలబడి తిని కాగితం వాళ్ళకే ఇచ్చేయండి, అదే అక్కడి పద్ధతి.

---

బెజవాడ_బాటసారి:

అందరికీ ధన్యవాదాలు. బస్సులోనే వెళ్తాం, 25 తప్పిస్తాం. ఇంకో రెండు సందేహాలు. అమ్మ కొబ్బరికాయ, పూలు తీసుకెళ్ళొచ్చా అని అడుగుతోంది. తమ్ముడికి మార్చిలో పరీక్షలున్నాయి, వాడి పేరు మీద ఏం చేయించాలి? కథకు సంబంధించిన మిగతా చోట్ల గురించి కూడా శాసనాల_సంచి గారు చెప్తే బాగుంటుంది.

---

హకత_దారి:

కొబ్బరికాయ, కర్పూరం, అగరొత్తులు, కుంకుమ ఏవీ వద్దు. గుడులన్నీ చెక్క, బెరడు కప్పులు, నిప్పు అంటే వాళ్ళకు ప్రాణభయం. జపాన్ సొంత మతమైన షింతో గుడుల్లో అగరొత్తులు వెలిగించే ఆచారమూ లేదు, అది బౌద్ధాలయాల్లో. ఎద్దుల నుదుట బొట్టు పెట్టడం, పూలు పెట్టడం కూడా చేయకండి. పూజారి చేతికి పూలు ఇచ్చే పద్ధతి లేదు, ప్రసాదం పంచే పద్ధతీ లేదు.

అమ్మగారికి కర్పూరం మీద మనసుంటే ఒకటి చూపించండి. ఆవరణలో వెయ్యేళ్ళు దాటిన కుసు చెట్లున్నాయి. అవి కర్పూరం చెట్లే, మనం హారతిచ్చే కర్పూరం పూర్వం తీసింది ఆ జాతి చెట్ల నుంచే. కొమ్మ తుంచకండి. కింద రాలిన పచ్చి ఆకు ఒకటి తీసి నలిపితే చాలు, వాసన తెలుస్తుంది.

దర్శనం పద్ధతి చిన్నదే. గుడి దారిలో ఉండే తొరీ ద్వారం ముందు ఒకసారి తల వంచి, దారి మధ్యలో కాకుండా పక్కగా నడవండి, మధ్య భాగం దేవుడిది. తొట్టి దగ్గర కుడి చేత్తో గరిటె పట్టి ఎడమ చేయి కడగండి, చేయి మార్చి కుడి చేయి కడగండి, మళ్ళీ ఎడమ దోసిట్లో నీళ్ళు పోసుకుని నోరు పుక్కిలించండి, ఎడమ చేయి ఇంకోసారి కడిగి, మిగిలిన నీళ్ళతో గరిటె నిలబెట్టి పిడి కడగండి. ఇదంతా ఒక్క గరిటె నీళ్ళతోనే అవ్వాలి. గరిటె నోటికి ఆనించకూడదు, పుక్కిలించిన నీళ్ళు తొట్టిలో కాదు, బయట కాలువలో ఉమ్మాలి. గరిటెలు లేకుండా ధార వస్తుంటే చేతులు కడిగితే సరిపోతుంది.

మందిరం ముందు పెట్టెలో నాణెం వేసి, రెండుసార్లు నడుము వంచి నమస్కరించి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మొక్కుకుని, చివర ఇంకోసారి వంగాలి. 5 యెన్ల నాణెం శుభమంటారు, ముందే చిల్లర ఉంచుకోండి. వెనక వరుసలోంచి ముందువాళ్ళ తలల మీదుగా నాణెం విసరకండి, రద్దీ రోజుల్లో నిజంగా దెబ్బలు తగులుతాయి. మందిరం లోపలి వైపు ఫొటో తీయకూడదు, తోబియుమె ఫొటో ఎంతైనా తీసుకోవచ్చు.

తమ్ముడి కోసం ఎమ అనే చెక్క పలక కొనండి. అతన్నే రాయనివ్వండి. తెలుగులో రాయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఏ పరీక్ష, ఏ తేదీ, ఏం కావాలి అని స్పష్టంగా రాయడం అక్కడి అలవాటు. పూర్తి పేరు, చిరునామా, ఫోన్ నంబర్ రాసేవాళ్ళున్నారు గానీ ఆ పలక వారాల తరబడి అందరి కళ్ళ ముందు వేలాడుతుంది, అవన్నీ వద్దు. పరీక్షకు వెళ్ళేటప్పుడు జేబులో పెట్టుకోవాలంటే చదువు ఒమమొరి (గుడ్డ సంచిలో ఉండే రక్ష) తీసుకోండి. గుడ్డ సంచి విప్పి లోపల ఏముందో చూడకూడదు. ఏడాది తర్వాత పాతది గుడికి తిరిగిచ్చేయడం పద్ధతి.

---

శాసనాల_సంచి:

మిగతా చోట్లు. నన్నడిగితే గుడి కంటే ఇవే మిచిజనెకు దగ్గర. కానీ అన్నీ ఒక్క రోజులో అమ్మగారితో కుదరవు. ఆవిడ, నాన్నగారు మ్యూజియంలో ఉంటే మీరు, తమ్ముడు రెండు గంటల్లో మొదటి రెండూ చూసి రావచ్చు.

మొదటిది కంజెయోన్‌జి. దజైఫు స్టేషన్ నుంచి పడమరకు 20–25 నిమిషాల నడక, 'మహొరొబ' అనే ఊరి బస్సు కూడా ఉంది. అది తరచుగా రాదు, స్టేషన్ ముందున్న పట్టికలో తిరుగు బస్సు టైము కూడా చూసి ఎక్కండి. బౌద్ధాలయం కాబట్టి ఇక్కడ చప్పట్లు కొట్టరు. చూడాల్సింది గంట. ఏడో శతాబ్దం చివరిది, 698 నాటి క్యోతో మ్యోషిన్‌జి గంటకు తోబుట్టువు, రెండూ ఒకే అచ్చులో పోసినవని అంటారు. మిచిజనె దజైఫులో రాసిన ఒక పద్యంలో, గడప దాటని నాకు దూరంగా ప్రభుత్వ కచేరీ మేడ పెంకుల రంగు కనిపిస్తుంది, కంజెయోన్‌జి గంట శబ్దం మాత్రం వినిపిస్తుంది అంటాడు. ఆ గంట ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది. మిచిజనె విన్న వస్తువును నేరుగా చూడగలిగే చోటు ఇంకోటి లేదు.

రెండోది ఆ కచేరీ శిథిలాలు. కంజెయోన్‌జి నుంచి ఇంకా పడమరకు పది నిమిషాలు. పెద్ద పచ్చిక మైదానం, స్తంభాల కింది రాళ్ళు వరసగా కనిపిస్తాయి. మేడ ఏదీ మిగల్లేదు, కట్టడం కోసం వెళ్ళేవాళ్ళు ఏమీ లేదని తిరిగొస్తారు. రాళ్ళ మధ్య ఎడం చూస్తూ నడవండి, ఎంత పెద్ద కచేరీయో తెలుస్తుంది. వెనకే చిన్న సకమొతో హచిమన్ గుడి ఉంది. 730లో దజైఫు పెద్ద అధికారి, కవి ఒతోమో నో తబితో ఇంట్లో జరిగిన ఉమె పూల విందు ఆ ప్రాంతంలోనే జరిగిందంటారు. 2019లో కొత్త చక్రవర్తితో మొదలైన రెయివా శకానికి పేరు ఆ విందు పద్యాల ముందుమాట నుంచే తీశారు. మొదట చెప్పిన తబితో బస్సు పేరు కూడా ఆయనదే. అంటే మిచిజనె రావడానికి 170 ఏళ్ళ ముందే దజైఫు ఉమె పూల ఊరు. చెట్టు ఎగిరి వేరే ఊరికి రాకుండా ఇక్కడికే వచ్చిందని జనం నమ్మడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

అక్కడి నుంచి నిషితెత్సు తోఫురోమాయె స్టేషన్ పావుగంట నడక. వెనక్కి దజైఫు రానక్కర్లేని వాళ్ళు అక్కడే రైలెక్కొచ్చు. మీకు అమ్మానాన్నలు మ్యూజియంలో ఉంటారు కాబట్టి తిరిగి రావాల్సిందే.

మూడోది ఎనోకిషా. నిషితెత్సు ఫుత్సుకైచి స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. మిచిజనె బందీగా బతికి చనిపోయిన ఇల్లు ఉన్న చోటు. ఇప్పుడు రైలు పట్టాల పక్కన చిన్న ఆవరణ, చిన్న మందిరం, వెనక ఆ మోచి ముసలావిడకు ఒక చిన్న గుడి. ఏటా సెప్టెంబరులో పెద్ద గుడి నుంచి దేవుడి పల్లకి ఇక్కడికి వచ్చి ఒక రాత్రి ఉండి వెళ్తుంది. తనను బంధించిన ఇంటికి దేవుడై తిరిగి రావడం. ఫిబ్రవరిలో అక్కడ ఎవరూ ఉండరు.

తెన్‌పాయి కొండ సంగతి కూడా ఎవరో ఒకరు చెప్తారు. తాను నిర్దోషినని ఆకాశానికి మొరపెట్టుకోవడానికి మిచిజనె ఎక్కాడన్న కొండ, సుమారు 250 మీటర్ల ఎత్తు. దారంతా ఎక్కుడే. ఈ ప్రయాణంలో వద్దు.

---

మోకాలి_నడక:

ఒక్కటి కలుపుతాను. మ్యూజియం సొరంగం మ్యూజియం వేళల్లోనే తెరిచి ఉంటుంది, మూసేది సాయంత్రం 5కి. కంజెయోన్‌జి వెళ్ళిన ఇద్దరూ 4 కల్లా వెనక్కి వస్తే అమ్మానాన్నలను ఎస్కలేటర్ మీదుగానే గుడి వైపు దింపొచ్చు. ఆలస్యమైతే బయటి రోడ్డు చుట్టుదారి, వాలు ఎక్కువ, టాక్సీ పిలవాల్సి వస్తుంది.

---

పప్పుచారు:

అంగళ్ళు కూడా 5 తర్వాత ఒక్కొక్కటీ మూసేస్తారు. తిరుగు బస్సుకు ముందు మోచి తినాలంటే 4:30 లోపే వీధిలో ఉండండి. చివరికి వచ్చేసరికి కొన్ని అంగళ్ళలో అప్పటికప్పుడు కాల్చడం ఆపేసి పెట్టెల్లో ఉన్నవే ఇస్తారు. అచ్చులు తిప్పుతూ కాలుస్తున్న అంగడి చూసి కొనండి.